చెక్క రైలుతో రెండున్నరేళ్లు: మా వాడికి ఇంగ్లీషు వచ్చిందా?

మా అబ్బాయికి మూడేళ్లు నిండిన ఏడాది దసరాకు ఈ చెక్క రైలు సెట్టు కొన్నాం. ఇప్పుడు వాడికి ఐదున్నర. పట్టాల మీద రంగు పోయింది, రెండు ముక్కల కొసలు విరిగాయి, ఒక పెట్టెకు చక్రం లేదు. అయినా రోజూ హాల్లో పరచే ఉంటుంది. రాత్రి మంచినీళ్లకు లేచిన ప్రతిసారీ ఏదో ఒక ముక్క కాలికి గుచ్చుకుంటుంది. కొన్న వారానికే రాసిన సమీక్షలు చదివి నేను దీన్ని తెప్పించాను. వాటిలో ఒక్కటీ నాకు పనికిరాలేదు కాబట్టి, బాగా అరిగిన తర్వాత ఏమైందో చెబుతున్నాను.

ఆట కోసమని బయటికి చెప్పినా, కొన్నది ఇంగ్లీషు కోసమే. నేను పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివాను. చదవడం, రాయడం వచ్చు. కానీ ఎవరైనా ఇంగ్లీషులో పలకరిస్తే వాక్యాన్ని ముందు మనసులో కట్టుకుని, తప్పుల్లేవని చూసుకుని, అప్పుడు నోరు తెరుస్తాను. ఈలోగా వాళ్లు ఇంకో మాటలోకి వెళ్లిపోతారు. నా కొడుక్కి ఆ అవస్థ వద్దనుకున్నాను.

సెట్టులో తిన్నని పట్టాలు, వంపు పట్టాలు, ఒక వంతెన, ఒక సొరంగం, రెండు దారులుగా చీలే ముక్క ఒకటి, చేత్తో తోసే ఇంజను, మూడు పెట్టెలు ఉన్నాయి. అప్పట్లో రెండు వేల చిల్లర పడింది. స్వీడన్‌లోని బ్రియో కంపెనీ 1958లో చెక్క రైళ్లు మొదలుపెట్టింది. తర్వాత వచ్చిన కంపెనీలు చాలావరకు ఆ కొలతల్లోనే పట్టాలు చేస్తున్నాయి. అందుకే తర్వాత వేరే చోట కొన్న ముక్కలు కూడా మా పట్టాలకు అతికాయి. కొనేముందు ఇది తెలిస్తే పెద్ద సెట్టు జోలికి పోనక్కరలేదు. చిన్నది కొని, ముక్కలు మెల్లగా పెంచుకోవచ్చు.

మొదటి రెండు నెలలు పూర్తిగా వృథా. తప్పు నాదే. వాడి పక్కన కూర్చుని ఇంజను పైకెత్తి ఇది ఫలానా, అది ఫలానా అని ఇంగ్లీషులో చెబుతూ, వెంటనే "ఏదీ, నువ్వు చెప్పు" అనేదాన్ని. వాడు ఇంజను లాక్కునేవాడు. ఒకరోజు మరీ విసుగొచ్చి తన చిన్న అరచేతిని నా నోటికి అడ్డంగా పెట్టి, రెండో చేత్తో బండి నడుపుకున్నాడు. ఆ తర్వాత నేను కూర్చోగానే రైలు తీసుకుని మంచం కిందికి వెళ్లిపోయేవాడు.

దాన్ని మార్చింది మా మామయ్యగారు. మాది విజయవాడ. ఆయన రైల్వేలో బండ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. తనకు ఇంగ్లీషు రాదని ఆయనే అంటారు. అంటూనే "ఔటర్లో పెట్టాడు", "లూప్ లైన్లో తీసుకున్నాడు", "షంటింగ్ అవుతోంది" అని మాట్లాడతారు. ఒక సాయంత్రం చిన్న పీట వేసుకుని మనవడి పక్కన కూర్చున్నారు. ఇంజను మీద చెయ్యి పెట్టి కదలకుండా ఉండిపోయారు.

"తాతయ్యా, తొయ్యి."

"లైన్ క్లియర్ ఇవ్వందే బండి కదలదు నాన్నా. నువ్వు స్టేషన్ మాస్టరువి కదా. గో అను."

వాడు కాసేపు తాత చేతినే చూశాడు. "గో" అన్నాడు. బండి కదిలింది. వంపు తిరుగుతుండగా ఏదో తోచి "స్టాప్" అన్నాడు. ఆయన చెయ్యి అక్కడికక్కడే ఆగిపోయింది. డెబ్బై ఏళ్ల మనిషి తన మాటకు ఆగాడు! ఆ సాయంత్రం ఆ రెండు మాటలే ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. భోజనానికి రమ్మంటే రాలేదు. మామయ్యగారికి నడుం పట్టేసింది.

అప్పటిదాకా నేను అడిగితే వాడు చెప్పాలి. ఆయన దాన్ని తిరగేసి, వాడు చెబితే పెద్దవాళ్లు చెయ్యాలన్నారు. ఆ తర్వాత నేను కూడా డ్రైవర్నే అయ్యాను. మాట పడితేనే నా చెయ్యి కదిలేది. నెలలోపే "స్లో", "ఫాస్ట్", "బ్యాక్" వచ్చాయి. "మోర్ బ్యాక్" అనేది వాడు సొంతంగా అతికించుకున్న మాట, మేమెవరం నేర్పలేదు. మొదట్లో "స్టాప్ చెయ్యి", "గో చెయ్యి" అనేవాడు. మనమంతా మాట్లాడేది అలాగే కదా! దాన్ని నేను తప్పనలేదు. "ఓ, స్టాపా?" అని ఆ మాట ఒక్కటే తిరిగి పలికి బండి ఆపేదాన్ని. కొన్నాళ్లకు ఆ "చెయ్యి" దానంతట అదే రాలిపోయింది.

ఈ ఆట బాగా నేర్పేది, నా అనుభవంలో, ఎక్కడుంది, ఎటు పోతోంది అని చెప్పే చిన్న మాటల్ని. చార్టుల్లో ఏనుగుకు, ఆపిల్‌కు బొమ్మ ఉంటుంది. "అండర్"కు బొమ్మ ఎలా వేస్తారు? పైగా మనకు అది తలకిందులు వ్యవహారం. మనం "వంతెన కింద" అంటాం, వంతెన ముందు, కింద తర్వాత. మా వాడు చక్కగా "బ్రిడ్జ్ అండర్" అనేవాడు, బండి కూడా సరిగ్గా అక్కడికే రావాలి. నేను "అండర్ ద బ్రిడ్జా, సరే" అని అక్కడే ఆపేదాన్ని. నాలుగైదు నెలలు అలాగే సాగి ఒకరోజు మాట తిరగబడింది. దాంతోపాటు ఒక వారం తెలుగు కూడా తిరగబడింది. "బంతి ఎక్కడుందిరా" అంటే "కింద మంచం" అన్నాడు. మా అత్తగారు హడలిపోయారు. "ఉన్న తెలుగు కూడా పోగొట్టేలా ఉన్నావమ్మాయ్" అని నా మీద కేకలేశారు. వారం తర్వాత మంచం తన చోటికి తను వచ్చేసింది.

"త్రూ" అనే మాట నేను పెద్దయ్యాక కూడా తడబడుతూ నేర్చుకున్నది. మన దగ్గర దానికి "లోంచి" ఉంది కానీ అది రెండు పనులు చేస్తుంది. గదిలోంచి బయటికి రావడానికీ అదే, సొరంగంలోంచి అవతలికి పోవడానికీ అదే. వాడికి ఆ గొడవే లేదు. ఇంజను ముక్కు సొరంగంలో దూరగానే మొదలుపెట్టి, ఆఖరి పెట్టె అవతలికి వచ్చేదాకా ఒకే ఊపిరిలో "త్రూ..." అని సాగదీసేవాడు. పెట్టెలు ఎక్కువైతే ఊపిరి చాలక మధ్యలో ఆగి, తను ఆగాడు కాబట్టి బండిని కూడా ఆపమనేవాడు. నేను వ్యాకరణ పుస్తకంలో చదివిన ఏ నిర్వచనమూ ఆ సాగదీతకు సాటిరాదు.

పెట్టెల సంగతి వేరు. ఇంట్లో అందరం రైలు పెట్టె అంటాం. బడిలో పెట్టెను బాక్స్ అంటారని నేర్పారు. అంతే, మూడు పెట్టెల్నీ "బాక్స్" అన్నాడు, ఏడాది దాటినా అదే. నేను "బోగీ" అని దిద్దబోతే మామయ్యగారు నన్ను దిద్దారు. పెట్టె కింద చక్రాలను పట్టి ఉంచే చట్రమే బోగీ, మనుషులు కూర్చునేది కోచ్ అని. అన్నేళ్లుగా ఆయన ఇంట్లో ఉండి నాకు ఆ ముక్క తెలియదు.

ఇక బ్యాటరీ ఇంజను. వాడి నాలుగో పుట్టినరోజుకు మా తమ్ముడు కొనిచ్చాడు. లైటు వెలుగుతుంది, కూత వేస్తుంది, తనంతట తాను తిరుగుతుంది. ఇంగ్లీషు మాటకొస్తే మేము వాడిన వాటిలో ఇదే పనికిమాలినది. మీట నొక్కగానే బండి వెళ్లిపోతుంది, ఎవరు ఏమన్నా ఆగదు. వాడు మొదట్లో "స్టాప్" అన్నాడు, గట్టిగా అన్నాడు, తర్వాత మానేసి గడ్డం కింద చేతులు పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. ఆ వారం హాల్లో బండి మోత తప్ప వాడి గొంతు లేదు. ఆ మధ్యే స్టేషనుకు తీసుకెళ్తే, ఆగకుండా పోతున్న గూడ్సు బండికి చెయ్యి చాపి "స్టాప్" అన్నాడు. అది ఆఖరి వ్యాగను దాకా దడదడలాడుతూ వెళ్లిపోయింది. వాడు మా వైపు తిరిగి, "తాతయ్యా, ఇది బ్యాటరీ బండా?" అని అడిగాడు. ఇంటికొచ్చాక సెల్లులు తీసి అల్మారాలో పెట్టేశాను. ఇప్పుడు దాన్ని కూడా చేత్తోనే తోస్తున్నాడు.

అయస్కాంతాల గురించి రెండు మాటలు. పెట్టెల మధ్య కొక్కేలకు బదులు అయస్కాంతాలు ఉంటాయి. తిరగేసి పెడితే అతకవు, దూరంగా నెట్టుకుంటాయి. "టర్న్" అనే మాట మా ఇంట్లోకి ఆ చికాకులోంచే వచ్చింది. కానీ ఒక ఇంజను అయస్కాంతం ఏడాదిన్నరకు వదులైంది. అదృష్టం, ముందు నా కంటపడింది. ఒకటికి మించి మింగితే కడుపులో పేగుల గోడలకు అటూ ఇటూ చేరి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. పేగుకు చిల్లు పడి ఆపరేషన్ దాకా వెళ్లే ప్రమాదం ఉంది. నేను ఇప్పటికీ నెలకోసారి ప్రతి అయస్కాంతాన్నీ గోటితో లాగి చూస్తాను. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. ముద్ర లేని చవక సెట్టు ఎంత ముద్దొచ్చినా వదిలేయండి. పట్టాల విషయంలో నా ఫిర్యాదు ఒకటే. వానాకాలంలో చెక్క ఉబ్బి ముక్కలు ఒకదాంట్లో ఒకటి దిగవు. బలవంతాన నొక్కితే కొస విరుగుతుంది. మాకు విరిగిన రెండూ అలాంటివే. మిగతావాటిని మామయ్యగారు గరుకు కాగితంతో రుద్ది సరిచేశారు.

ప్రమాదాలు కూడా ఒక మేలు చేశాయి. ఆట నడుస్తున్నంతసేపూ అన్నీ ఆజ్ఞలే, జరిగిపోయినదాన్ని చెప్పే అవసరమే రాదు. బండి వంతెన మీది నుంచి పడితే మాత్రం ఇల్లంతా తిరిగి చెప్పాలి కదా! "ఫెల్", "బ్రోక్" అలా వచ్చాయి. వాడికి తెలిసిన భూతకాలమంతా చాలాకాలం ఆ రెండు మాటలే.

ఈ పద్ధతిలోని లోపం పోయిన వేసవిలో బయటపడింది. మా చెల్లెలి కుటుంబం డాలస్ నుంచి వచ్చింది. వాళ్లమ్మాయి మా వాడికంటే ఏడాది పెద్ద, అక్క వరస. పాప రైలు దగ్గర కూర్చోగానే మా వాడు మొదలుపెట్టాడు. "కమ్. సిట్. గో బ్యాక్. మోర్ బ్యాక్." ఆ పిల్ల గోడ దాకా జరిగి, కళ్లనిండా నీళ్లతో "పెద్దమ్మా, హి ఈజ్ రూడ్" అని నా దగ్గరకొచ్చింది. నేను తలదించుకున్నాను. ఏడాదిన్నర పాటు ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్లం కలిసి చేసిన నిర్వాకం అది. ఆ రోజు నుంచి "ప్లీజ్" లేనిదే లైన్ క్లియర్ ఇచ్చినా బండి కదలదని రూలు పెట్టాం. వాడికి అది అన్యాయంగా తోచింది. "స్టేషన్ మాస్టరు ప్లీజ్ అంటాడా తాతయ్యా?" అన్నాడు. మామయ్యగారు జవాబు చెప్పకుండా మీసం దువ్వుకున్నారు.

బడిలో కూడా అంతే. టీచరు నిన్న ఏం చేశావని ఇంగ్లీషులో అడిగితే మా వాడు ఇప్పటికీ బల్ల వైపే చూస్తాడు. సంభాషణ ఈ ఆటతో రాదు. దానికి నేను వేరే దారి వెతుక్కుంటున్నాను. పుస్తకాలు కొంత నయంగా ఉన్నాయి. ఫోనులో రైలు వీడియోలు కూడా చూపించాం. చూస్తాడు, అంతే.

అంకెలు మాత్రం అసలు రైలే నేర్పింది. స్టేషనులో ప్రకటన బండి నంబరును అంకె తర్వాత అంకెగా చదువుతుంది. చెన్నై వెళ్లే పినాకిని ఎక్స్‌ప్రెస్ నంబరు 12711. "వన్, టూ, సెవెన్, వన్, వన్" అని ఆ గొంతును అనుకరిస్తూ, ముక్కు కాస్త మూసుకుని మరీ పలికేవాడు. స్నానాల గదిలో అయితే ఇంకా బాగా వచ్చేది. తెనాలి, బాపట్ల, చీరాల, ఒంగోలు వరసగా చెప్పి బండిని తలుపు అవతలికి పంపేవాడు.

ఇప్పుడు కొత్త పిచ్చి పట్టింది, స్టేషన్ల బోర్డులు. నేను పసుపు అట్ట కత్తిరించి తెనాలి అని ఇంగ్లీషులో రాసిచ్చాను, అక్షరాలు నేర్పినట్టు ఉంటుందని. మామయ్యగారు చూసి, "ఇదేం బోర్డమ్మా? పైన తెలుగుండాలి, మధ్యలో హిందీ, కింద ఇంగ్లీషు" అని నా చేతిలో పెన్ను తీసుకున్నారు. తెలుగు వరస ఆయన రాశారు. కింది వరస మా వాడు నాలుక బయటపెట్టి, ఎన్ అక్షరాన్ని వెనక్కి తిప్పి రాశాడు. ఐదు స్టేషన్లు అయ్యాయి. మధ్య వరస పై వాటాలో ఉండే హిందీ టీచరుగారు సెలవుల నుంచి వచ్చాక రాయాలి. ప్రస్తుతానికి ఖాళీగా ఉంది.