పాలపుంత కింద ముసలి పైన్ చెట్లు

కాలిఫోర్నియా వైట్ మౌంటెన్స్‌లోని బ్రిసిల్‌కోన్ పైన్ చెట్లను రాత్రిపూట ఫోటో తీయాలని ఆగస్టు అమావాస్య చూసుకుని బయల్దేరాం, నేనూ మా బావమరిదీ.

మొదటి రాత్రికి బిషప్‌లో మోటెల్ తీసుకోవడం పొరపాటు. గదికి వంక పెట్టలేం. కానీ అర్ధరాత్రి దాటాక పదివేల అడుగుల ఎత్తు నుంచి నిద్రకళ్లతో ఘాట్ రోడ్డు దిగడం మళ్లీ నావల్ల కాదు. రెండో రోజు దారిలోనే ఉన్న గ్రాండ్‌వ్యూ క్యాంప్‌గ్రౌండ్‌లో టెంట్ వేశాం. అక్కడ చుక్క నీరు దొరకదు. నీళ్లూ పెట్రోలూ కింద బిగ్ పైన్ అనే ఊళ్లోనే నింపుకోవాలి. పులిహోర తెచ్చుకున్నాం కాబట్టి తిండికి లోటు లేదు.

చెట్లు చూసే చోట్లు రెండు. షుల్మన్ గ్రోవ్ దాకా తారు రోడ్డే. 4,800 ఏళ్లు దాటిన మెతూసెలా అనే చెట్టు ఇక్కడే ఎక్కడో ఉంది, ఏ చెట్టో అటవీ శాఖ చెప్పదు. చెబితే ఈపాటికి దాని మీద ఎన్ని పేర్లు చెక్కి ఉండేవాళ్లో! పగలు నడవడానికి బాగుంది. రాత్రి మాత్రం కొండవాలు అడ్డొచ్చి మాకు సగం ఆకాశమే దొరికింది.

ఇంకో 12 మైళ్లు మట్టిరోడ్డు మీద వెళ్తే పేట్రియార్క్ గ్రోవ్, 11,000 అడుగుల పైన. దారంతా వాడి రాళ్లు. టైరు పంక్చరైంది. అద్దె కారులో స్టెప్నీ ఉంది గానీ జాకీ లేదు, ఫోన్‌కి సిగ్నల్ లేదు. గంటసేపు టెన్షన్ పడ్డాక ఎవరో పికప్ ఆపి తన జాకీ ఇచ్చాడు. కారు తీసుకునేటప్పుడే డిక్కీ తెరిచి చూసుకోండి.

అయినా నా ఓటు దీనికే. తెల్లటి డోలమైట్ రాతి నేల చుక్కల వెలుగుకే లీలగా కనిపిస్తుంది. చెట్లు దూరదూరంగా, మెలితిరిగి, సగం ఎండి ఉంటాయి. ఈ పొడి చలిలో ఎండిన మాను కూడా కుళ్లకుండా వందల ఏళ్లు నిలబడుతుంది. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను కింద నిలబడితే ఆకాశమే కనపడదు, ఇక్కడ బోడి కొమ్మల సందుల్లోంచి పాలపుంత దిగివస్తుంది. కెమెరా సెట్టింగులు: 14 ఎంఎం లెన్స్, ఎఫ్ 2.8 (లెన్స్ ఎంత తెరుచుకోవాలో), ఐఎస్‌ఓ 3200 (వెలుగును ఎంత పెంచి చూపాలో), ఒక్కో ఫోటోకి 20 సెకన్లు. 20 సెకన్లు మించితే చుక్కలు గీతలైపోతాయి. టార్చి వేసి తీసినవి సినిమా సెట్టింగులా వచ్చాయి, తీసేశాను.

హైదరాబాద్‌లో ధ్రువనక్షత్రం 17 డిగ్రీల ఎత్తులో, ఏ అపార్ట్‌మెంట్ వెనకో ఉంటుంది. ఇక్కడ 37 డిగ్రీలు. దాన్ని కొమ్మ కొసన పెట్టి వరసగా గంటసేపు తీస్తే చుక్కలన్నీ దాని చుట్టూ వలయాలు కడతాయి. యాభయ్యో నిమిషంలో మావాడు ఎర్ర లైటు అనుకుని తెల్లది వెలిగించాడు. "సారీ బావా" అన్నాడు. మళ్లీ మొదలుపెడితే చలికి బ్యాటరీ చచ్చింది. మిగతా రెండూ టెంట్‌లో ఉన్నాయి.