ఒకే పోర్టల్‌లో వెతకాలా, గ్రంథాలయం వారీగా వెతకాలా? సరిహద్దు జిల్లాల పాత పత్రాలకు ఏది మేలు?

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, జయపురం ప్రాంతాల తెలుగువారు తమ ఊరికి సంబంధించిన పాత పుస్తకాన్నో ప్రభుత్వ నివేదికనో డిజిటల్ గ్రంథాలయాల్లో వెతకబోతే, మొదటి చిక్కు చరిత్రతోనే వస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోని జిల్లా; జయపురం సంస్థానం విశాఖపట్నం జిల్లాలో భాగం. గజపతి, రాయగడ జిల్లాలైతే 1992 దాకా లేనే లేవు. అందువల్ల గంజాం సంగతులు 1882లో వెలువడిన మాల్ట్‌బీ జిల్లా మాన్యువల్‌లోనూ, గుణుపురం, రాయగడ తాలూకాల సంగతులు 1907 నాటి ఫ్రాన్సిస్ విశాఖపట్నం గెజెటీరు (జిల్లా వివరాల గ్రంథం)లోనూ, 1936 తరువాతివి ఒడిశా ప్రభుత్వ ప్రచురణల్లోనూ ఉంటాయి. ఇంతగా చెదిరిపోయిన సామగ్రికి అన్ని గ్రంథాలయాలనూ కలిపి వెతికే పోర్టల్ మేలా, ఒక్కో గ్రంథాలయం గడప తొక్కడం మేలా అన్నది ఇక్కడి పరిశోధక విద్యార్థులకూ, స్థానిక చరిత్ర రాసేవారికీ నిజంగా తేల్చుకోవలసిన విషయం.

మొదటి మార్గానికి మన దేశంలో చెప్పుకోదగిన ఉదాహరణ ఐఐటీ ఖరగ్‌పూర్ రూపొందించిన నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. 2018 జూన్‌లో జాతికి అంకితమైన ఈ పోర్టల్ చాలావరకు పుస్తకాలను తన దగ్గర దాచుకోదు. వేర్వేరు సంస్థల భాండాగారాల నుంచి మెటాడేటాను, అంటే శీర్షిక, రచయిత, సంవత్సరం, భాష, విషయం వంటి కేటలాగు వివరాలను సేకరించి, ఒకే సూచికగా కలిపి, అసలు ప్రతి ఉన్న చోటికి మనల్ని పంపుతుంది. ముందే సేకరించి పెట్టుకున్న సూచిక కనుక ఫలితాలు వెంటనే వస్తాయి. భాష, రకం, మూలసంస్థ వారీగా వడపోసుకోవచ్చు. మనం అడిగిన క్షణంలోనే ప్రశ్నను అన్ని గ్రంథాలయాలకూ పంపి జవాబులు కూర్చే పద్ధతి మరొకటి ఉంది కానీ, అందులో అన్నింటికన్నా నెమ్మదైన సర్వరు జవాబిచ్చేదాకా కాచుకోవాలి. అయితే ముందే సేకరించే పద్ధతిలో, మూలసంస్థ తన చిరునామా మార్చుకుంటే సూచికలో పాత లింకే మిగిలిపోవచ్చు. అంతకంటే పెద్ద లోపం, వెతుకులాట కేటలాగు వివరాల దగ్గరే ఆగిపోవడం. పుస్తకం లోపల మీ ఊరి పేరు పదిసార్లు ఉన్నా శీర్షికలో లేకపోతే కేటలాగు సూచికకు అది కనిపించదు.

ఆ కేటలాగు వివరాలు ఎంత నమ్మదగినవో తెలియాలంటే, స్కాన్ చేసిన పుస్తకాలను ఉచితంగా అందించే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటులో ఉన్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుస్తకాల్లో ఏదో ఒకదాని పేజీ తెరిచి చూస్తే చాలు. తెలుగువాడైన రాజ్ రెడ్డి ప్రోద్బలంతో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వంటి సంస్థలు కలిసి నడిపిన ఆ స్కానింగ్ ప్రాజెక్టు సొంత సైటు తరువాత మూతబడింది. పుస్తకాలు మాత్రం ఆర్కైవ్‌లో నిలిచాయి. వాటి గుర్తింపు సంకేతంలో చాలాసార్లు 2015 అన్న అంకె కనిపిస్తుంది. అది పుస్తకం అచ్చయిన సంవత్సరం కాదు. అచ్చు సంవత్సరం వివరాల పట్టికలో వేరే గడిలో ఉంటుంది, అదీ కొన్నిసార్లు తప్పుగానో ఖాళీగానో ఉంటుంది. తెలుగు శీర్షికలను స్కానింగ్ కేంద్రంలో ఎవరికి తోచినట్టు వారు రోమన్ అక్షరాల్లో కొట్టారు; దీర్ఘాలు ఒకచోట ఉంటాయి, మరొకచోట ఉండవు; రచయిత పేరుండవలసిన గడిలో సంపాదకుడు, ఇంటిపేరుండవలసిన చోట బిరుదు దర్శనమిస్తాయి. ఇలాంటి వివరాలను ఎంత గొప్ప పోర్టల్ సేకరించినా ఆ తప్పులూ వెంట వస్తాయి.

అందుకే గ్రంథాలయం వారీగా వెతకడంలో ఉన్న అసలు లాభం పూర్తిపాఠ శోధన. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో సెర్చ్ బాక్స్ దగ్గర కేటలాగు వివరాల్లో వెతకాలా, పుస్తకాల లోపలి పాఠంలో వెతకాలా అని ఎంచుకునే వీలుంది. ఈ రెండో ఎంపికను చాలామంది గమనించరు, సరిహద్దు జిల్లాల వారికి పనికొచ్చేది అదే. ఆంగ్ల నివేదికల కోసం వెతికేటప్పుడు పర్లాకిమిడి, పర్లాకిమెడి, పర్లాఖెముండి అన్న రూపాలన్నీ రోమన్ లిపిలో విడివిడిగా కొట్టాలి. పాత అచ్చులో ఆ పేరు పంక్తి చివర విరిగి, సగం కింది పంక్తిలోకి పోతే, ఓసీఆర్, అంటే పుట బొమ్మలోని అక్షరాలను పాఠంగా మార్చే సాఫ్ట్‌వేర్, దాన్ని రెండు మాటలుగా చదివే ప్రమాదం ఉంది. అప్పుడు కిమిడి అన్న తునకతో వెతికితే దొరకవచ్చు, కాకపోతే పెదకిమిడి, చినకిమిడి జమీందారీలూ ఆ వలలో పడతాయి. జయపురం సంగతి ఇంకా చిత్రం: పాత ఆంగ్ల రచనల్లో రాజస్థాన్ జైపూరునూ అదే వర్ణక్రమంతో (Jeypore) రాసేవారు కనుక, పక్కన విశాఖపట్నం పాత ఆంగ్లరూపం (Vizagapatam) చేర్చకపోతే ఫలితాల నిండా రాజపుత్రులే కనిపిస్తారు. బరంపురానికి బెంగాల్‌లోని ముర్షిదాబాద్ జిల్లా పట్టణంతో ఇదే తగువు. గిడుగు రామమూర్తి 1931లో ప్రకటించిన సవర భాషా మాన్యువల్ శీర్షికలో సోరా, సవర అన్న రెండు రూపాలూ ఉన్నాయి కనుక ఒకటి కుదరకపోతే రెండోది ప్రయత్నించాలి.

తెలుగు పాఠానికి వస్తే ఈ లాభం బాగా తగ్గుతుంది. పాత స్కాన్లను చదివిన ఓసీఆర్‌కు భారతీయ లిపులు తెలియకపోవడంతో ఎన్నో తెలుగు పుస్తకాల పాఠం అర్థంలేని రోమన్ అక్షరాల కుప్పగా మిగిలింది. తెలుగు లిపిలో మాట కొట్టి ఫలితం రాలేదని పుస్తకమే లేదనుకోరాదు. అటువంటప్పుడు మళ్లీ కేటలాగు వివరాలే దిక్కు. శీర్షికలోని ఒకే ఒక్క విలక్షణమైన మాటను రకరకాల రోమన్ వర్ణక్రమాల్లో వెతకడమే మార్గం. స్వచ్ఛందంగా నడిచే ఉచిత గ్రంథాలయం తెలుగు వికీసోర్స్‌లో మనుషులు సరిదిద్దిన పాఠం ఉంటుంది కనుక అక్కడ తెలుగు లిపి శోధన చక్కగా పనిచేస్తుంది, కానీ అక్కడి పుస్తకాల సంఖ్య పరిమితం.

అమెరికా విశ్వవిద్యాలయాలు 2008లో నెలకొల్పిన డిజిటల్ గ్రంథాలయం హాతీట్రస్ట్‌ను ఈ పోలికలో విడిగా చెప్పుకోవాలి. కాపీహక్కు వల్ల చదవనివ్వని పుస్తకంలో సైతం అది వెతికి, మన మాట ఏయే పుటల్లో ఉందో చూపుతుంది. అమెరికా వెలుపలి వారికి కొన్ని పాత పుస్తకాలు కూడా తెరుచుకోవు నిజమే. అయినా పుట సంఖ్య తెలిసింది కనుక అదే ముద్రణను ఆర్కైవ్‌లో వెతికి ఆ పుటకు నేరుగా వెళ్లవచ్చు. ఒకచోట వెతికి మరోచోట చదివే ఈ పద్ధతి ఆంగ్ల గెజెటీర్లకు, జనగణన నివేదికలకు అన్నిటికన్నా మెరుగని నా అభిప్రాయం. గూగుల్ బుక్స్ కూడా ఇలాగే ఉపకరిస్తుంది, కాకపోతే చాలాసార్లు రెండు మూడు పంక్తుల తునకకు మించి చూపదు.

కాబట్టి నా తూకం ఆర్కైవ్, హాతీట్రస్ట్‌ల వైపే మొగ్గుతుంది, అదీ 1936కు ముందరి అచ్చు పుస్తకాల విషయంలో మాత్రమే. బరంపురం విశ్వవిద్యాలయంలో ఈ ప్రాంతంపై ఏ పరిశోధనలు జరిగాయో తెలుసుకోవాలంటే జాతీయ డిజిటల్ లైబ్రరీ, విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలను భద్రపరిచే ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి శోధగంగ ముందుండాలి. సిద్ధాంత గ్రంథాలకు శీర్షిక, విషయం, మార్గదర్శకుడి పేరు సాధారణంగా సరిగ్గానే నమోదవుతాయి కనుక అక్కడ కేటలాగు శోధన చాలు. సరిహద్దు నిర్ణయానికి సంబంధించిన ప్రభుత్వ ఫైళ్ల కోసం ఈ రెండు మార్గాలూ కావు, జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) వారి ఆన్‌లైన్ పోర్టల్ అభిలేఖ్ పటల్‌ను చూడాలి. అక్కడ ఊరి పేరుతో కన్నా ఆనాటి శాఖ పేరు, సంవత్సరాలతో వెతికితే త్వరగా దారి దొరుకుతుంది, ఎందుకంటే ఫైలుకు పేరు పెట్టిన గుమాస్తా తన శాఖ వ్యవహారాన్ని బట్టి పెట్టాడే గాని మన ఊరిని తలచుకుని పెట్టలేదు.