‘పాలు పడవు’ అంటూ అమ్మే డైట్ ప్యాకేజీలు: ప్రత్యేక అవసరాల పిల్లల తల్లిదండ్రులకు జాగ్రత్త హెచ్చరిక

ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల తల్లిదండ్రులను వెతుక్కుంటూ వచ్చే ప్యాకేజీ ఒకటుంది. అందులో నాలుగు వస్తువులు ఉంటాయి. వేలికొసన తీసిన రక్తపు చుక్కతో చేసే ‘ఫుడ్ సెన్సిటివిటీ’ టెస్టు, ఆ రిపోర్టు చూసి ఇచ్చే డైట్ చార్టు, పాలకు బదులు కలుపుకునే పౌడరు, పొరపాటున పాలు తగిలినా ఏమీ కాదంటూ ఇచ్చే ఎంజైమ్ క్యాప్సూళ్లు. విడివిడిగా ఇవ్వరు, కొన్ని నెలల కోర్సుగానే కొనమంటారు. కొన్నాక జరిగేది ఇది: రిపోర్టులో పాలు, గోధుమ ఎర్రరంగులో వస్తాయి. రెండూ ఒకే రోజు ఆపేస్తారు. మొదటి వారాల్లో బిడ్డ కాస్త కుదుటపడ్డట్టు అనిపిస్తుంది. ఆ తర్వాత పౌడరు రుచి పట్టక తాగనని మొండికేస్తుంది, బరువు పెరగడం ఆగిపోతుంది, వాపసు అడిగేసరికి గడువు దాటి ఉంటుంది. పోయిన డబ్బు సంగతి అలా ఉంచండి. ఎదిగే వయసులో బిడ్డకు అన్ని నెలల పోషణ తగ్గడం, నిజంగా ఉన్న జబ్బు బయటపడకపోవడం అంతకంటే పెద్ద నష్టాలు.

ఈ వ్యాపారమంతా ‘పాలు పడవు’ అనే ఒక్క మాట మీద నిలబడింది. ఆ మాటను మనం మూడు వేర్వేరు సంగతులకు వాడేస్తాం. మూడింటికీ టెస్టు వేరు, మానాల్సింది వేరు, కొనాల్సింది వేరు. అమ్మేవాళ్లు మాత్రం మూడింటినీ ఒకే డబ్బాలో పెడతారు.

మొదటిది లాక్టోజ్ అరగకపోవడం. లాక్టోజ్ అంటే పాలలో ఉండే చక్కెర. దాన్ని విడగొట్టే లాక్టేజ్ ఎంజైమ్ చిన్నపేగులో తక్కువైతే, ఆ చక్కెర అరగకుండా పెద్దపేగులోకి పోయి అక్కడి బాక్టీరియా వల్ల పులుస్తుంది. గ్యాస్, ఉబ్బరం, మెలిపెట్టే నొప్పి, నీళ్ల విరేచనాలు అందుకే. సాధారణంగా తాగిన అరగంట నుంచి రెండు గంటల లోపు మొదలవుతాయి. పుట్టుకతోనే ఈ ఎంజైమ్ లేకపోవడం చాలా అరుదు. వంశపారంపర్యంగా తగ్గడం రెండేళ్లు దాటాకే కనిపిస్తుంది. కడుపులో ఇన్ఫెక్షన్‌తో విరేచనాలు అయ్యాక కొన్ని వారాలు తగ్గి, మళ్లీ దానంతటదే సర్దుకోవడం కూడా మామూలే. అన్నిటికంటే ముఖ్యం, ఇది మోతాదును బట్టి ఉండే ఇబ్బంది. 240 మి.లీ. పాలలో సుమారు 12 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. ఎంజైమ్ తక్కువున్న పెద్దవాళ్లు, టీనేజీ పిల్లలు చాలామంది ఒక విడతలో అంత మేరకు తట్టుకోగలరు, తిండితో కలిపి తీసుకుంటే ఇంకా సులువు. పెరుగు, గట్టి చీజ్ చాలామందికి పడతాయి. కాబట్టి లాక్టోజ్ పడదని పాలతో చేసినవన్నీ మానిపించే చార్టు ఎవరిచ్చినా దాన్ని పక్కన పెట్టండి.

రెండోది పాల ప్రొటీన్ అలెర్జీ. ఇది చక్కెర వల్ల కాదు, కేసిన్, వే ప్రొటీన్ల మీద రోగనిరోధక వ్యవస్థ తిరగబడటం వల్ల. ఒక రకంలో నిమిషాల నుంచి రెండు గంటల లోపే దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు, ఊపిరి అందకపోవడం వస్తాయి. ఇంకో రకం గంటలు, రోజులు ఆలస్యంగా, మలంలో రక్తం, వాంతులు, విరేచనాలుగా బయటపడుతుంది. మొదటి రకంలో ఒక్క గుక్క కూడా ప్రాణం మీదకు తేవచ్చు. ఇక్కడే ప్యాకేజీలు చేసే అత్యంత ప్రమాదకరమైన తప్పు జరుగుతుంది. అలెర్జీ ఉన్న బిడ్డకు ‘లాక్టోజ్ ఫ్రీ’ పాలు పంపుతారు. ఆ పాలలో ప్రొటీన్ మొత్తం అలాగే ఉంటుంది.

మూడోది అరుగుదలకు సంబంధించింది కాదు. పాలు, గోధుమ మానేస్తే ఆటిజం లక్షణాలు తగ్గుతాయన్న వాదన. దీనికి మూలం 1979లో మెదడు శాస్త్రవేత్త జాక్ పాంక్సెప్ ప్రతిపాదించిన ఊహ, మెదడులో ఓపియాయిడ్ (నల్లమందు లాంటి) చర్య ఎక్కువైతే ఆటిజం లక్షణాలు రావచ్చని. పాలు, గోధుమల నుంచి పుట్టే పెప్టైడ్లే (ప్రొటీన్ ముక్కలే) ఆ పని చేస్తాయన్న మాట తర్వాత దానికి తోడైంది. దాన్ని గట్టిగా పరీక్షించిన అధ్యయనం ఒకటి 2016లో రోచెస్టర్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. ముందు పిల్లలను ఆ డైట్‌లో స్థిరపరిచి, తర్వాత ఎవరికీ తెలియకుండా పాలు, గోధుమ కలిపిన తినుబండారాలు, కలపనివి మార్చి మార్చి ఇచ్చారు. ప్రవర్తనలో, నిద్రలో, మల విసర్జనలో తేడా కనిపించలేదు. పూర్తిచేసినవాళ్లు 14 మందే, చిన్న అధ్యయనమే. కానీ పద్ధతి కచ్చితమైనది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2013 మార్గదర్శకాల్లో ఆటిజం ప్రధాన లక్షణాలకు ఈ డైట్లు వాడవద్దని స్పష్టంగా చెప్పింది.

అయితే పాలు ఆపాక నిజంగానే నెమ్మదించిన పిల్లలు లేరా? ఉన్నారు. వాళ్ల తల్లిదండ్రులు అబద్ధం చెప్పడం లేదు. మాట రాని బిడ్డ కడుపునొప్పిని తల బాదుకోవడం, చెయ్యి కొరుక్కోవడం, రాత్రి లేచి ఏడవడం, వింతగా ఒళ్లు వంచడం ద్వారా చెబుతుంది. దీర్ఘకాలపు మలబద్ధకం కొందరు పిల్లల్లో ఆవుపాలతో ముడిపడి ఉంటుంది. లాక్టోజ్ ఉబ్బరమూ ఉండొచ్చు. ఆ నొప్పి తగ్గితే ప్రవర్తన మెరుగవ్వొచ్చు. రోజుకు లీటరు పాలతోనే కడుపు నింపుకునే బిడ్డకు ఐరన్ లోపం రావొచ్చు, పాలు తగ్గిస్తే ఆకలేసి వేరే తిండి తింటుంది, ఒంట్లో ఓపిక వస్తుంది. ఇవన్నీ కడుపుకు, పోషణకు సంబంధించిన మార్పులు. వాటిని ‘ఆటిజం తగ్గింది’ అని చూపించి పౌడరు అమ్మడం ఆ తల్లిదండ్రుల ఆశతో ఆడుకోవడమే.

ఇక ఆ టెస్టు గురించి. రిపోర్టులో ‘ఐజీజీ’ లేదా ‘ఐజీజీ4’ అని ఉందా చూడండి. ఉంటే ఆ కాగితంతో ఏ తిండీ మాన్పించకండి. ఒంట్లో ఆ యాంటీబాడీలు ఉండటం బిడ్డ ఆ పదార్థం తిన్నదనడానికి, ఒళ్లు దానికి అలవాటు పడిందనడానికి గుర్తు. అందుకే రోజూ తినే పాలు, గోధుమ, గుడ్డు ఎర్రగా వస్తాయి. యూరప్ అలెర్జీ నిపుణుల సంఘం 2008లోనే, కెనడా సంఘం 2012లో వీటిని వాడవద్దన్నాయి. వెంట్రుకల టెస్టుకూ అంతే విలువ. మూత్రంలో ‘పెప్టైడ్ల’ టెస్టు అమ్మేవాళ్లూ ఉన్నారు, 2008లో ఆటిజం ఉన్న అబ్బాయిల మూత్రంలో జాగ్రత్తగా వెతికితే ఆ ఓపియాయిడ్ పెప్టైడ్లు దొరకలేదు. పనికొచ్చే టెస్టులు వేరే ఉన్నాయి. వెంటనే వచ్చే అలెర్జీకి చర్మం మీద చేసే ప్రిక్ టెస్టు, రక్తంలో ఐజీఈ (అలెర్జీ యాంటీబాడీ), అవసరమైతే ఆసుపత్రిలో డాక్టర్ ఎదుట తినిపించి చూడటం. లాక్టోజ్‌కు ఊపిరిలో హైడ్రోజన్ కొలిచే టెస్టు, అందులో మొదటి కొలత కంటే 20 పీపీఎం పెరిగితే అరగడం లేదని అర్థం. కానీ అది గంటల తరబడి గొట్టంలోకి ఊదాల్సిన పని, చాలామంది మన పిల్లలతో కుదరదు. అలాంటప్పుడు రెండు వారాలు లాక్టోజ్ ఆపి, మళ్లీ మొదలుపెట్టి చూడటమే దారి.

డబ్బాల మీద రాతలకు వస్తే, ‘ఏ2 పాలు’ అన్న మాట ఎక్కువమందిని మోసం చేస్తోంది. ఏ1, ఏ2 తేడా బీటా కేసిన్‌లో 67వ స్థానంలో ఉండే ఒక్క అమైనో ఆమ్లం. లాక్టోజ్ అంతే ఉంటుంది, అలెర్జీ తెచ్చే ప్రొటీన్లూ ఉంటాయి. మేకపాలూ దారి కాదు, ఆవుపాల అలెర్జీ ఉన్నవాళ్లలో అత్యధికులకు అవీ పడవు. ఒంటె పాలలో బీటా లాక్టోగ్లోబ్యులిన్ లేకపోయినా కేసిన్, లాక్టోజ్ ఉన్నాయి. పచ్చి ఒంటె పాలను అమెరికా ఎఫ్‌డీఏ ఆటిజం పేరుతో అమ్మే ప్రమాదకర ఉత్పత్తుల్లో ఒకటిగా చెప్పింది. ‘నాన్ డెయిరీ’ అని ఉన్న క్రీమర్ పొడిలో సోడియం కేసినేట్ ఉండొచ్చు, అంటే పాల ప్రొటీనే. కేసినేట్, వే, లాక్టాల్బుమిన్, మిల్క్ సాలిడ్స్ అన్న మాటలు కనిపిస్తే అలెర్జీ బిడ్డకు ఆ డబ్బా వద్దు. డార్క్ చాక్లెట్ పదార్థాల జాబితాలో పాలు లేకపోయినా, అదే యంత్రం మీద మిల్క్ చాక్లెట్ చేసి ఉంటే పాలు తగలొచ్చు. చిన్నపిల్లల పౌడర్లలో ‘పాక్షికంగా హైడ్రోలైజ్’ చేసినది, అంటే ప్రొటీన్‌ను కొంతమేరకే ముక్కలు చేసినది, అలెర్జీకి పనికిరాదు. బాగా హైడ్రోలైజ్ చేసినదో, అమైనో ఆమ్లాలదో కావాలి, అదీ డాక్టర్ రాస్తేనే. అవి చేదుగా ఉంటాయి కాబట్టి పెద్ద పిల్లలు ఉమ్మేస్తారు, ముందు చిన్న ప్యాకెట్టే కొనండి.

గెలాక్టోసీమియా (గెలాక్టోజ్ అనే చక్కెరను ఒళ్లు వాడుకోలేని పుట్టుక జబ్బు) ఉన్న బిడ్డ ఇంట్లో ఉంటే ఇది రెండుసార్లు చదవండి. లాక్టోజ్ ఫ్రీ పాలలో లాక్టోజ్‌ను ముందే గ్లూకోజ్, గెలాక్టోజ్‌గా విడగొట్టి ఉంచుతారు. అంటే ఆ బిడ్డకు విషమైన గెలాక్టోజ్ అందులో పూర్తిగా ఉంది. లాక్టేజ్ చుక్కలు కలిపిన పాలూ అంతే. ఇంత ముఖ్యమైన మాట ప్యాకేజీలో ఎక్కడా లేకపోతే ఆ అమ్మకందారు దగ్గర ఇంకేమీ కొనకండి.

లాక్టోజ్ మాత్రమే ఇబ్బంది అయిన పిల్లలకు లాక్టేజ్ చుక్కలు నిజంగానే పనిచేస్తాయి. కాచిన పాలు పూర్తిగా చల్లారాకే కలపాలి, వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది. ఫ్రిజ్‌లో 24 గంటలు ఉంచాలి. పాలు తియ్యగా మారతాయి. రుచి కొంచెం మారినా ఒప్పుకోని బిడ్డకు మొదట పావు వంతు ఆ పాలు, ముప్పావు వంతు మామూలు పాలు కలిపి, మూడు నాలుగు రోజులకోసారి చుక్కలు కలిపిన పాల వాటా పెంచండి. ‘కేసిన్‌ను, గ్లూటెన్‌ను కరిగిస్తుంది’ అంటూ అమ్మే డీపీపీ-4 ఎంజైమ్ క్యాప్సూళ్లు వేరు (గ్లూటెన్ అంటే గోధుమలోని ప్రొటీన్). అలెర్జీ ఉన్న బిడ్డకు వాటిని నమ్మి పాలు తగలనివ్వడం ప్రాణంతో చెలగాటం.

పాలు ఆపినప్పుడు ఏం పోతోందో లెక్క వేయండి. 240 మి.లీ. ఆవుపాలలో ప్రొటీన్ 8 గ్రాములు, కాల్షియం సుమారు 300 మి.గ్రా. సోయా పాలలో ప్రొటీన్ దాదాపు 7 గ్రాములు. బాదం పాలలో, బియ్యపు పాలలో దాదాపు ఒక్క గ్రామే. బియ్యపు పాలే ప్రధాన ఆహారంగా పెట్టిన పసిపిల్లల్లో ప్రొటీన్ లోపంతో ఒళ్లు వాచే క్వాషియోర్కర్ వచ్చింది. ఆర్సెనిక్ కారణంగా బ్రిటన్‌లో ఐదేళ్ల లోపు వాళ్లకు బియ్యపు పాలు ఇవ్వొద్దంటారు. కాల్షియం కలిపిన పాలైతే కార్టన్ అడుగున అది పేరుకుంటుంది, ప్రతిసారీ గట్టిగా కుదపాలి. అమెరికా ప్రమాణం ప్రకారం 4 నుంచి 8 ఏళ్ల బిడ్డకు రోజుకు 1000 మి.గ్రా. కాల్షియం, 600 యూనిట్ల విటమిన్ డి కావాలి. ప్యాకేజీలోని మాత్ర మీద ‘కాల్షియం కార్బొనేట్ 500 మి.గ్రా.’ అని ఉంటే అందులో అసలు కాల్షియం 200 మి.గ్రా. మాత్రమే. సిట్రేట్ అయితే ఇంకా తక్కువ, 21 శాతం. ఒక్కసారికి 500 మి.గ్రా. అసలు కాల్షియం మించితే ఒంటికి పట్టేది తగ్గుతుంది. ఐరన్ మందుతో కలిపి ఇవ్వకూడదు. కార్బొనేట్ మలబద్ధకం పెంచుతుంది, అదే తగ్గించాలని పాలు ఆపిన బిడ్డకు ఇది ఎదురుతిరుగుతుంది.

ఎముకల సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఆటిజం ఉన్న అబ్బాయిల్లో ఎముక పైపొర మందం తక్కువగా ఉందని, కేసిన్ మానేసిన వాళ్లలో మరింత తక్కువగా ఉందని 2008లో అచ్చయిన అధ్యయనం చెప్పింది. నడవలేని సెరిబ్రల్ పాల్సీ పిల్లల ఎముకలు ముందే పలచన. ఫిట్స్‌కు ఫెనిటాయిన్, ఫినోబార్బిటాల్, కార్బమజెపిన్ వాడుతుంటే విటమిన్ డి ఇంకా తగ్గుతుంది. ఫిట్స్‌కు వాడే కీటోజెనిక్ డైట్ వేరే చికిత్స, ఆసుపత్రి బృందం పర్యవేక్షణలోనే నడవాలి.

గొట్టం ద్వారా ఆహారం తీసుకునే పిల్లలకు విరేచనాలైతే ముందు పాలను అనుమానించకండి. ఆ ఫార్ములాల్లో చాలావాటిలో లాక్టోజ్ అసలే ఉండదు. సిరప్ మందుల్లో తీపి కోసం వేసే సార్బిటాల్ చాలాసార్లు అసలు కారణం. ఆ సీసాలన్నీ ఫార్మసిస్టుకు చూపించండి. ఫీడ్ మరీ వేగంగా వెళ్లినా విరేచనాలవుతాయి. మింగడం కష్టమై చిక్కబరిచే పొడి వాడే బిడ్డకు పాలు మారిస్తే చిక్కదనమూ మారుతుంది. 10 మి.లీ. సిరంజి పరీక్ష మళ్లీ చేయాలి. పది సెకన్లు కారనిచ్చాక 4 నుంచి 8 మి.లీ. మిగిలితే అది ఐడీడీఎస్ఐ (ఆహారం చిక్కదనాన్ని చెప్పే అంతర్జాతీయ కొలమానం) రెండో స్థాయి. బిడ్డకు చెప్పిన స్థాయి కంటే పలచనైతే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

గోధుమ ఆపేముందు సీలియాక్ (గ్లూటెన్ వల్ల చిన్నపేగు దెబ్బతినే జబ్బు) రక్తపరీక్ష, టీటీజీ ఐజీఏతో పాటు మొత్తం ఐజీఏ చేయించండి. డౌన్ సిండ్రోమ్‌లో సీలియాక్ మామూలు కంటే ఎక్కువ. గోధుమ ఆపాక చేస్తే జబ్బు ఉన్నా లేదని రావొచ్చు, తేల్చుకోవడానికి బిడ్డకు మళ్లీ వారాల తరబడి గోధుమ పెట్టాల్సి వస్తుంది. పాలు, గోధుమ ఒకేసారి ఆపడంలో ఇంకో చిక్కు, మార్పు వస్తే దేనివల్లో ఎప్పటికీ తెలియదు. ముందు వారంపాటు మలం, నిద్ర, నొప్పి సూచనలు, తిన్నది రాయండి. బరువు చూడండి. ఒక్కటే ఆపండి, మళ్లీ మొదలుపెట్టి అవే లక్షణాలు తిరిగి వస్తున్నాయేమో చూడండి. తిరిగి రాకపోతే ఆ పదార్థానికి ఏ పాపమూ లేదు. వెంటనే దద్దుర్లో వాపో వచ్చిన చరిత్ర ఉంటే ఇంట్లో ఈ పరీక్ష వద్దు.

ఇప్పటికే ప్యాకేజీ కొని నెలల తరబడి పాలు ఆపినవాళ్లు, ముఖ్యంగా బిడ్డకు ఎగ్జిమా గానీ ఐజీఈ పాజిటివ్ గానీ ఉంటే, ఇంట్లో ఒక్కసారిగా గ్లాసు పాలు పట్టకండి. అలవాటు తప్పిన ఒళ్లు ఈసారి తీవ్రంగా తిరగబడొచ్చు, డాక్టర్ దగ్గరే మొదలుపెట్టండి. వాపసు అడగడానికి డబ్బా లేబుల్, బ్యాచ్ నంబరు, ‘ఆటిజం తగ్గుతుంది’ అని రాసిన ప్రకటన స్క్రీన్‌షాట్ ఇవాళే తీసి పెట్టుకోండి. గొడవ మొదలయ్యాక ఆ ప్రకటనను తీసేయడానికి వాళ్లకు నిమిషం పట్టదు.