పంపేశాక తప్పు కనిపిస్తే: కెనడా పీఆర్ వెబ్‌ఫారమ్‌తో నా పద్నాలుగు నెలలు

పాయింట్లు ఎలా లెక్కేస్తారు, ఐఈఎల్‌టీఎస్‌లో ఎంత రావాలి, కాకతీయ యూనివర్సిటీ నుంచి ట్రాన్స్‌క్రిప్టులు ఎలా తెప్పించుకోవాలి, ఇవన్నీ ఇప్పుడు హన్మకొండలో ఎవరిని అడిగినా చెప్తారు. వాటి జోలికి పోను. నేను రాసేది ఒక్కదాని గురించే: కెనడాలో శాశ్వత నివాసానికి (పీఆర్) పాయింట్ల లెక్కన పెట్టే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ దరఖాస్తు పంపేశాక అందులో తప్పో, వదిలేసిన విషయమో బయటపడితే చెప్పుకోవడానికి ఉన్న వెబ్‌ఫారమ్ గురించి. పద్నాలుగు నెలల్లో దాన్ని మూడుసార్లు వాడాను. మొదటిసారి అది నా కుటుంబాన్ని పెద్ద గండం నుంచి గట్టెక్కించిందనే నమ్ముతున్నాను.

2022 నవంబర్‌లో దరఖాస్తు పంపాం. దరఖాస్తు పెట్టుకోమని ఇన్విటేషన్ వచ్చాక అరవై రోజులే గడువు. పోలీస్ సర్టిఫికెట్లు, మెడికల్స్, ఆఫీసు లెటర్ల వెనక తిరిగేసరికి చివరి వారం వచ్చేసింది. ఒకసారి పంపాక అకౌంట్లోకి వెళ్ళి ఒక్క అక్షరం కూడా మార్చలేం. ఆ సంగతి తెలిసే పంపాను, అంతా సరిగ్గానే ఉందన్న ధీమాతో.

నాలుగు రోజుల తర్వాత, రాత్రి పదకొండింటికి కాగితాలన్నీ ఒక ఫైల్లో సర్దుతున్నాను. పర్సనల్ హిస్టరీ పేజీలో ఒక వరుస 2016 డిసెంబర్‌తో ముగిసింది. కింది వరుస 2017 జూన్‌తో మొదలైంది. మధ్యలో ఐదు నెలలు లేవు. గుండె గుభేలుమంది.

ఆ ఐదు నెలలు నేను ఖాళీగా లేను. బాపుకు, అంటే మా నాన్నకు, బైపాస్ ఆపరేషన్ అయింది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మాకు అడ్తి దుకాణం (రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టేది) ఉంది, సరిగ్గా మిర్చి సీజన్ మొదలైంది. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చి దుకాణంలో కూర్చున్నాను. తెల్లవారకముందే బస్తాలు దిగేవి. తూకం వేసే దడువాయి లెక్క చెప్తుంటే నేను రైతుకిచ్చే చీటీ, తక్‌పట్టీ, రాసేదాన్ని: రైతు పేరు, ఊరు, బస్తాలెన్ని, క్వింటాళ్ళెన్ని, ధర, హమాలీ, చేతికొచ్చేదెంత. ముక్కుకు చున్నీ ఎంత గట్టిగా కట్టుకున్నా మధ్యాహ్నానికి కళ్ళు మండిపోయేవి. నా జీవితంలో అంత కష్టపడ్డ ఐదు నెలలు ఇంకోటి లేవు. కానీ జీతం లేదు, ఆఫర్ లెటర్ లేదు. ఫారమ్ నింపేటప్పుడు, మాకంటే ముందే అక్కడికి వెళ్ళిన మా పెద్దమ్మ కొడుకు వీడియో కాల్‌లో ఉన్నాడు. "అది ఉద్యోగమెట్లైతది చెల్లే, దానికి పాయింట్లు రావు, వదిలెయ్" అన్నాడు. మంచి మనసుతోనే చెప్పాడు. నేనూ వదిలేశాను.

పాయింట్లు రావన్నది నిజమే. కానీ ఆ పేజీ పాయింట్ల కోసం పెట్టింది కాదు. గత పదేళ్ళలో, లేదా పద్దెనిమిదేళ్ళు నిండినప్పటి నుంచి, ప్రతి నెలా ఎక్కడున్నారో ఏం చేశారో చెప్పాలి. ఉద్యోగం లేకపోతే లేదనే రాయాలి. ఖాళీ మాత్రం ఉండకూడదు. పైగా వాళ్ళ ఇమ్మిగ్రేషన్ చట్టంలో సెక్షన్ 40 ఉంది. ముఖ్యమైన విషయం దాచినా, తప్పుగా చెప్పినా ఐదేళ్ళు తలుపులు మూసుకుంటాయి. నేను దాచలేదు. కానీ కాగితం మీద చూసేవాళ్ళకు ఆ తేడా ఎట్లా తెలుస్తుంది? ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు. "వాళ్ళే అడుగుతారేమో, అప్పుడు చెబుదాం" అన్నారు మా ఆయన. అడగకుండానే మనమే చెబితే మన మాటకు విలువ ఉంటుందని నాకనిపించింది.

వెబ్‌ఫారమ్ చూడ్డానికి ఏమంత ఉండదు. అప్లికేషన్ నంబర్, పేరు, పుట్టిన తేదీ, విషయం రాసుకోవడానికి ఒక పెట్టె, ఫైళ్ళు జత చేసే చోటు, అంతే. అసలు పనంతా మనం రాసే వివరణ లేఖలోనే ఉంది. నాది మొదట మూడు పేజీలైంది. బాపు ఆపరేషన్, ఇంట్లో పరిస్థితి, నా బాధ, అన్నీ పెట్టాను. పొద్దున చదువుకుంటే చదివే ఆఫీసర్‌కు అందులో కావాల్సింది నాలుగే ముక్కలనిపించింది: ఏ పేజీలో ఏ నెలలు లేవు, ఆ నెలల్లో నిజంగా ఏం చేశాను, ఎందుకు తప్పిపోయింది, రుజువు ఏమిటి. ఒక్క పేజీకి కుదించాను. అన్న చెప్పాడని రాయలేదు. సంతకం నాది, బాధ్యతా నాదే. ఐదు నెలలు చేర్చి సరిచేసిన పర్సనల్ హిస్టరీని విడిగా టైప్ చేసి జత చేశాను.

రుజువు దగ్గరే చిక్కొచ్చింది. దుకాణం లైసెన్సు బాపు పేరు మీద ఉంది, అందులో నేనెక్కడా లేను. మా గుమాస్తా ఇరవై ఏళ్ళుగా మాతోనే ఉన్నాడు. అడిగితే అటక మీది నుంచి గోనెసంచి దించాడు. ఆ సీజన్ తక్‌పట్టీ పుస్తకాల కార్బన్ కాపీలు. "గివి పారెయ్యబుద్ధి కాలే బిడ్డా, నీ చేతిరాతున్నది" అన్నాడు. కాగితాలు పసుపు పచ్చబడ్డాయి, విప్పగానే ఇంకా మిర్చి ఘాటు వస్తోంది. ప్రతిదాని మీద తేదీ, కింద మూలన నా పొట్టి సంతకం. నెలకు రెండు చొప్పున పది తీశాను. తెలుగులో ఉన్న కాగితానికి ఇంగ్లిష్ అనువాదం, అనువదించినవాళ్ళ అఫిడవిట్ కావాలి. ఇంట్లోవాళ్ళు చేస్తే చెల్లదు. నాకు తెలిసిన ఒక లెక్చరర్ మేడమ్ చేసిపెట్టారు. దడువాయికి ఇంగ్లిష్ మాట దొరక్క ఇద్దరం గంటసేపు కూర్చుని, చివరికి మార్కెట్ యార్డులో తూకం వేసే లైసెన్సుదారు అని పూర్తిగా విడమరిచి పెట్టాం. బాపు కూడా ఒక అఫిడవిట్ మీద సంతకం చేశారు.

పంపగానే ఒక ఆటోమేటిక్ మెయిల్ వచ్చింది. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. మనం పంపింది అకౌంట్లో కనబడదు, ఫైల్లో చేరిందో లేదో తెలియదు. అక్కడ పద్ధతే అంత. కానీ ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. రెండో నెలలో మళ్ళీ అవే కాగితాలు పంపుదామని కూర్చున్నాను. ఒకే విషయం రెండుసార్లు పంపితే ఫైల్ చూసేవాళ్ళకు గందరగోళమని ఆగిపోయాను.

నా ప్రాణం కుదుటపడింది మా ఫైల్‌లో ఆఫీసర్ రాసుకున్న నోట్స్ తెప్పించుకున్నాకే. 2022 జులై నుంచి కెనడా బయట ఉన్నవాళ్ళు కూడా ప్రైవసీ చట్టం కింద తమ ఫైల్ వివరాలు ఫీజు లేకుండా అడగొచ్చు. నెల దాటాక వచ్చాయి. వాటిలో నా వివరణ అందినట్టు, ఆ ఐదు నెలలు కుటుంబ వ్యాపారంలో గడిచినట్టు రెండు లైన్లున్నాయి. ఎక్కడా అనుమానం లేదు, అదనపు ప్రశ్న లేదు. ఆ రెండు లైన్లు బాపుకు చదివి వినిపించాను. నాకు జీతం ఇవ్వలేకపోయిన ఆ సీజన్ ఇన్నేళ్ళకు ఒక సర్కారు కాగితంలో పనిగా నమోదైందని ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

రెండోసారి బాబు పుట్టినప్పుడు వాడాను. పెద్దగా చెప్పడానికేం లేదు, మెడికల్ సూచనలు వచ్చాయి, పని జరిగిపోయింది. అయితే ఇది మాత్రం ఎవరూ వాయిదా వేయొద్దు. దరఖాస్తు నడుస్తుండగా పెళ్ళైనా, బిడ్డ పుట్టినా చెప్పి తీరాలి. అప్పుడు చూపించని బిడ్డను తర్వాత స్పాన్సర్ చేయడం మామూలు దారిలో కుదరదు.

మూడోసారి మన జిల్లా పేర్ల కోసం. పాత కాగితాల్లో వరంగల్ జిల్లా, 2016 జిల్లాల విభజన తర్వాతి ఆధార్‌లో వరంగల్ అర్బన్, 2021లో పేరు మారాక తీసుకున్న కాగితాల్లో హనుమకొండ. ఇల్లు అదే, గడప అదే. చూసేవాళ్ళకు మాత్రం మూడు ఊళ్ళు. ప్రభుత్వ ఉత్తర్వుల కాపీలు పెట్టి నాలుగు వాక్యాల్లో చెప్పాను. మన వైపు నుంచి వెళ్ళేవాళ్ళు ఈ వివరణ దరఖాస్తుతోపాటే పెట్టేస్తే మంచిది.

మొదటి నోట్స్ వచ్చిన సంతోషంలో నేను అందరికీ చెప్పాను, ఏ తప్పైనా వెబ్‌ఫారమ్‌తో సరిదిద్దుకోవచ్చని. ఆ మాట ఇప్పుడు అంత ధైర్యంగా అనను. నా పాత సహోద్యోగి ఒకాయన ఎనిమిది నెలలు మలేసియాలో ఆన్‌సైట్ చేశారు. పదేళ్ళలో ఏ దేశంలోనైనా వరసగా ఆరు నెలలుంటే అక్కడి పోలీస్ సర్టిఫికెట్ కావాలి. అది లేకుండా పంపారు. తర్వాత వెబ్‌ఫారమ్‌లో పెడదామనుకున్నారు, నా మాటా అందుకు ఒక కారణమేమో. ఈలోపే దరఖాస్తు అసంపూర్తిగా ఉందని తిప్పి పంపారు. ఫీజు వెనక్కి వచ్చింది, ఇన్విటేషన్ మాత్రం పోయింది. తప్పనిసరి డాక్యుమెంట్ లేకపోవడం వేరు, పెట్టిన వివరంలో ఖాళీ ఉండటం వేరు. ఆయన ముఖం చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నా తప్పు పాయింట్లను ముట్టుకోలేదు. ఐదు నెలలు చేర్చినా స్కోరు మారలేదు. నాలుగు రోజుల్లోనే కనిపెట్టాను, కార్బన్ కాపీలు దాచిన మనిషి ఉన్నాడు, వేళాపాళా లేకుండా కాగితాల మీద కూర్చుంటే ఇల్లు చూసుకున్న అత్తమ్మ ఉంది. అందుకే నాకు ఇది బాగా పనిచేసింది. పాయింట్లు తీసుకున్న ఉద్యోగం తేదీల్లోనే తేడా ఉంటే, అది సరిచేశాక స్కోరు ఆ రోజు కట్‌ఆఫ్ కంటే కిందికి దిగితే, కేసు మొత్తం మారిపోతుంది. అలాంటి చోట నా లేఖను నమూనాగా పట్టుకోవద్దు, లైసెన్సున్న కన్సల్టెంటుకో లాయర్‌కో చూపించండి. నాలాంటి ఖాళీ నెలలే అయితే మాత్రం, వాళ్ళు అడిగేదాకా ఆగకుండా ఈ వారమే పంపండి.