టైమ్ పెట్టి క్యాచీ క్లియర్ చేయడం: ఎనుమాముల రేట్ల సైట్‌లో వాడి చూసిన అనుభవం

సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో క్యాచీ ప్లగిన్ (ఒకసారి తయారైన పేజీని దాచిపెట్టి, వచ్చినవాళ్లందరికీ అదే ఇచ్చే చేర్పు) ఎలా వేసుకోవాలో, దాంతో సైట్ ఎంత స్పీడ్ అవుతుందో చెప్పే వీడియోలు బోలెడన్ని ఉన్నాయి. వాటి జోలికి పోను. ఆ ప్లగిన్లలో చాలావాటిలో ఉండే ఒక్క ఆప్షన్ గురించే రాస్తున్నాను: ఫలానా టైముకు క్యాచీ దానంతట అదే క్లియర్ కావాలని పెట్టుకునేది. కొన్ని మిర్చి సీజన్లు దాన్నే నమ్ముకుని సైట్ నడిపాను. ఇప్పటికీ దాని మీద కోపం పోలేదు.

మా చిన్నబాపుకు వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఆడ్తి (కమీషన్ దుకాణం) ఉంది. దుకాణం పేరు మీద రోజువారీ రేట్ల సైట్ నేను చూసుకుంటాను. తేజ, వండర్ హాట్, 341, చపాటా, ఏ మిర్చి రకానికి జెండా పాట (మార్కెట్ వేలం) ఎంత పలికింది, పత్తి ఎంత, పసుపు ఎంత, అంతే. గుమస్తా యార్డులోనే నిలబడి ఫోన్‌లో గూగుల్ షీట్ తెరిచి అంకెలు కొడతాడు. సైట్లో పేజీ తయారయ్యేటప్పుడు ఆ షీట్ నుంచి రేట్లు తెచ్చుకుంటుంది.

తిరకాసంతా ఇక్కడే ఉంది. నేను పోస్టు రాసి పబ్లిష్ నొక్కితే ప్లగిన్‌కు తెలుస్తుంది. దానికి సంబంధించిన పేజీలను మాత్రమే క్యాచీలోంచి తీసేసి, మిగతావి ముట్టుకోదు. ఆ పని చాలా బాగా చేస్తుంది, అందులో వంక పెట్టడానికి లేదు. కానీ షీట్‌లో అంకె మారితే వర్డ్‌ప్రెస్‌కు కబురే అందదు, పాత పేజీనే చూపిస్తూ ఉంటుంది. అందుకే టైమ్ ఆప్షన్ పెట్టుకున్నాను: ఉదయం పదింటికి ఒకసారి, సాయంత్రం ఒకసారి.

వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో టైమ్‌జోన్ మార్చకపోతే యూటీసీలోనే (ప్రపంచ ప్రామాణిక సమయంలోనే) ఉంటుంది, మన టైముకు అయిదున్నర గంటలు వెనక. అంటే పదింటికి అని పెట్టింది మనకు మధ్యాహ్నం మూడున్నరకు జరుగుతుంది. అక్కడ కోల్‌కతా ఎంచుకుంటే ఆ బాధ తీరుతుంది. ఆ తర్వాత చాలాకాలం ఏ ఇబ్బందీ రాలేదు. సెట్టింగ్ పక్కన పచ్చ టిక్ ఉండేది, రేట్లు మారుతుండేవి.

ఆ సోమవారం నేను మంచిర్యాలలో పెళ్లిలో ఉన్నాను. మిర్చి జోరుగా వస్తున్న రోజులు. శని, ఆదివారాలు మార్కెట్ బంద్. సోమవారం తేజ రేటు పడిపోయింది. గుమస్తా ఎప్పటిలాగే షీట్‌లో కొట్టాడు. మరునాడు పొద్దున్నే చిన్నబాపు ఫోన్: “అరేయ్, సైట్ల రేటు మారలేదేందిరా? పరకాల దిక్కు రైతు మన సైట్ చూసే డీసీఎం మాట్లాడుకొని సరుకు తెచ్చిండు.”

వెంటనే నా ఫోన్‌లో తెరిచాను. సోమవారం రేటే ఉంది, అంతా సరిగ్గానే ఉంది. అదే చెప్పాను. ఇంతలో గుమస్తా ఆ రైతు ఫోన్ స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపాడు. అందులో శుక్రవారం రేటు! క్వింటాల్‌కు 500 రూపాయలు ఎక్కువ. అడుగున చిన్న అక్షరాల్లో శుక్రవారం తేదీ కూడా ఉంది, కానీ అంత కిందికి ఎవరు చూస్తారు? ఆ రైతే ఫోన్ తీసుకుని మాట్లాడాడు. “తమ్మీ, నీ దాంట్ల ఒకటున్నది, ఈడ పలికింది ఇంకోటి. గీ రేటని తెలిస్తే రెండు దినాలు ఆగేటోన్ని గదా” అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ బాధేసింది. బండి కిరాయి ఇచ్చేశాడు, సరుకు దించేశాడు. సగం అమ్మి సగం కోల్డ్ స్టోరేజీలో పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

నా ఫోన్‌లో కొత్తది, ఆయన ఫోన్‌లో పాతది ఎందుకు? నేను అడ్మిన్‌గా లాగిన్ అయి ఉన్నాను. లాగిన్ అయినవాళ్లకు ప్లగిన్ క్యాచీ పేజీ ఇవ్వదు, అప్పటికప్పుడు కొత్తగా తయారు చేసి ఇస్తుంది. ఇన్‌కాగ్నిటోలో (లాగిన్ గుర్తుండని బ్రౌజర్ విండోలో) తెరిస్తే నాకూ పాతదే వచ్చేది. అది సగమే. మిగతా సగం తవ్వుకుంటూ పోతే తేలింది.

వర్డ్‌ప్రెస్‌కు సొంత గడియారం లేదు. టైముకు జరగాల్సిన పనులన్నీ డబ్ల్యూపీ-క్రాన్ అనే ఏర్పాటు మీద నడుస్తాయి. ఎవరైనా సైట్ తెరిచి వర్డ్‌ప్రెస్ లోడ్ అయినప్పుడు, చేయాల్సిన పని ఏమైనా మిగిలిందా అని చూసుకుని అప్పుడు చేస్తుంది. మరి క్యాచీ పనేమిటి? వర్డ్‌ప్రెస్ లోడ్ కాకుండానే దాచిన పేజీని ఇచ్చేయడం. సోమవారం వందలమంది రైతులు సైట్ చూసినా అందరికీ దాచిన పేజీయే అందింది. వర్డ్‌ప్రెస్ నిద్ర లేవలేదు, క్రాన్ నడవలేదు, క్లియర్ జరగలేదు. గడువు తీరిన ఫైళ్లను తీసేసే పని కూడా నా ప్లగిన్‌లో అదే క్రాన్ మీద ఆధారపడింది, కాబట్టి అదీ లేదు. మామూలు రోజుల్లో నేను పొద్దున లాగిన్ అయి ఏదో ఒకటి చూసేవాణ్ని. అది చాలు, క్రాన్ నడిచేది. ఇన్నాళ్లూ ఆప్షన్ పనిచేస్తోందని నేను అనుకున్నది నా లాగిన్ పుణ్యమే.

నా కోపం దీని మీదే. క్యాచీ ఎంత బాగా పనిచేస్తే దాన్ని క్లియర్ చేసే ఏర్పాటు అంత తక్కువ నడుస్తుంది. ఈ సంగతి సెట్టింగ్ పక్కన ఒక్క లైనులో రాయడానికి ఏమైంది? చివరిసారి ఎప్పుడు క్లియర్ అయిందో కూడా చూపించదు. ఆ పచ్చ టిక్ ఆప్షన్ ఆన్‌లో ఉందని మాత్రమే చెబుతుంది.

మందు చిన్నదే. వర్డ్‌ప్రెస్ కాన్ఫిగ్ ఫైల్‌లో డబ్ల్యూపీ-క్రాన్‌ను ఆపేసి, హోస్టింగ్ ప్యానెల్లో ఉండే అసలు క్రాన్ జాబ్‌తో (సర్వర్ టైముకు నడిపే పనితో) 15 నిమిషాలకోసారి wp-cron.php ఫైల్‌ను పిలిపించాలి. ఎవరు వచ్చినా రాకున్నా సర్వర్ గడియారం దాన్ని తట్టి లేపుతుంది. ఇది పెట్టాక టైమ్ తప్పలేదు.

అయితే కొత్త చిక్కు వచ్చింది. పదింటికి క్యాచీ మొత్తం ఖాళీ అయ్యేది, సరిగ్గా అప్పుడే రేట్ల కోసం అందరూ ఎగబడేవాళ్లు. దాచిన పేజీ ఒక్కటీ లేక అందరి కోసం ఒకేసారి పేజీలు తయారు చేయలేక షేర్డ్ హోస్టింగ్ సర్వర్ (చాలా సైట్లు పంచుకునేది) మొరాయించేది. క్లియర్ కాగానే పేజీలను మళ్లీ తయారు చేసి పెట్టే ప్రీలోడ్ ఆన్ చేస్తే కొంత నయం, పూర్తిగా కాదు.

అసలు హాయి వేరే దారిలో దొరికింది. గూగుల్ షీట్‌లో చిన్న ప్రోగ్రామ్‌లు రాసుకోవడానికి యాప్స్ స్క్రిప్ట్ అని ఉంటుంది. అంకె మారగానే సైట్‌లోని ఒక రహస్య లింకును పిలిచేలా చిన్న స్క్రిప్ట్ రాయించాను. ఆ లింకు రేట్ల పేజీ ఒక్కదాన్నే క్లియర్ చేస్తుంది, మిగతా సైట్ కదలదు. ఇక్కడ ఒక జాగ్రత్త: షీట్ మారగానే దానంతట అదే నడిచే మామూలు ఆన్‌ఎడిట్ ఫంక్షన్ రాస్తే చాలదు, దానికి బయటి లింకులను పిలిచే అనుమతి ఉండదు. ట్రిగ్గర్స్ పేజీలోకి పోయి ట్రిగ్గర్ విడిగా పెట్టి, అనుమతి ఇవ్వాలి. మొదటిసారి గుమస్తా యార్డులో అంకె కొట్టడం, నేను హన్మకొండలో ఇన్‌కాగ్నిటోలో పేజీ రిఫ్రెష్ చేయడం, కొత్త రేటు కనబడటం... ఆ సంతోషం మాటల్లో చెప్పలేను. చిన్నబాపుకు చూపిస్తే “గిదేదో ముందుగాలనే చెయ్యకపోతివి” అన్నాడు.

ఇది కూడా అన్నింటికీ మందు కాదు. రైతు ఫోన్‌లోని బ్రౌజర్ తన దగ్గర దాచుకున్న పేజీని క్లియర్ చేయడం సర్వర్ వల్ల కాదు. అందుకే రేట్ల పేజీకి బ్రౌజర్ క్యాచీ వద్దని హెడర్లలో (పేజీతో పాటు సర్వర్ బ్రౌజర్‌కు పంపే సూచనల్లో) చెప్పించాను, తేదీని పేజీ పైన పెద్ద అక్షరాల్లో పెట్టాను. సైట్ ముందు క్లౌడ్‌ఫ్లేర్ (సైట్‌కు, చూసేవాళ్లకు మధ్య నిలిచే సర్వీసు) ఉన్నా అది హెచ్‌టీఎంఎల్ పేజీలను మామూలుగా దాచదు కాబట్టి మాకు అటునుంచి ఇబ్బంది లేదు. మీరు అక్కడ అన్నీ దాచమని రూల్ పెట్టి ఉంటే దాన్ని కూడా విడిగా క్లియర్ చేయించాలి.

టైమ్ ఆప్షన్ వాడొచ్చా అంటే, అసలు క్రాన్ జాబ్ పెట్టుకునే వీలున్న హోస్టింగ్ అయితే వాడొచ్చు. ఆ వీలు లేకుండా, రేట్ల లాంటివి చూపించే సైట్‌కు మాత్రం నేను వద్దంటాను. నాది చిన్న సైట్, పేజీలు తక్కువ, మారేది ఒక్క పేజీ, అందుకే షీట్ పద్ధతి అతికినట్టు సరిపోయింది. రోజుకు పదిసార్లు పోస్టులు పెట్టే వార్తల సైట్ అయితే పబ్లిష్‌తో పాటు జరిగే క్లియరే చాలు. రాత్రి రెండింటికి ఒకసారి టైమ్ క్లియర్ నేను ఇంకా ఉంచాను. స్క్రిప్ట్ ఎప్పుడైనా తప్పితే తెల్లారేసరికి పేజీ కొత్తగా తయారవుతుంది. సోమవారాలు మాత్రం ఇప్పటికీ లాగిన్ లేని ఫోన్‌లో నేనే ఒకసారి తెరిచి చూస్తాను.