పాత కిరాయిదారు పేరుతో ఉత్తరం: వెనక్కి పంపాలా, మళ్లించాలా, దాచి ఇవ్వాలా? ఏది మేలు?

హన్మకొండ, కాజీపేటల్లో చాలా ఇళ్లకు రెండు మూడేళ్లకోసారి కిరాయిదారులు మారుతుంటారు. నిట్ విద్యార్థులు, రైల్వే ఉద్యోగులు, బదిలీ మీద వచ్చిన టీచర్లు ఖాళీ చేసి వెళ్తారు. బ్యాంకు కవర్లు, ఎల్‌ఐసీ నోటీసులు, చిట్టీ కంపెనీ ఉత్తరాలు మాత్రం పాత గడపకే వస్తుంటాయి. గోదావరిఖని, భూపాలపల్లి సింగరేణి క్వార్టర్లలోనూ ఇదే పరిస్థితి. చాలామంది ఆ కవర్లను కిటికీలోనో టీవీ వెనకాలో పెట్టి మర్చిపోతారు. ఉన్న దారులన్నిట్లో అదే అన్నిటికన్నా చెడ్డది. ఎందుకో ముందు ముందు చెప్తాం.

దారి ఎంచుకునే ముందు ఆ కవరుకు సంతకం కావాలా, అక్కర్లేదా చూడండి. సంతకం కావాల్సిందైతే, మీ ఇంట్లో లేని మనిషి పేరు మీద ఉంటే, తీసుకోనే వద్దు. రిజిస్టర్డ్ పోస్టు పేరున్న మనిషికే ఇచ్చే సేవగా ఉండేది. స్పీడ్ పోస్టు ఆ అడ్రసులో ఉన్నవాళ్లకు ఇచ్చే సేవ. 2025లో మొదటిదాన్ని రెండోదాంట్లో కలిపేశారు. కాబట్టి ఇప్పుడు ఇంటి ఓనరో, పైవాటా వాళ్లో సంతకం చేసినా చాలా కవర్లు చేతికొచ్చేస్తాయి. ఆన్‌లైన్‌లో మాత్రం 'డెలివర్డ్' అని పడుతుంది. లోపల చెక్కు బౌన్సు నోటీసు ఉందనుకోండి. నోటీసు అందిన రోజు నుంచి 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే కేసుకు దారి తెరుచుకుంటుంది. ఆ మనిషికి కవరు వచ్చిన సంగతే తెలియదు, లెక్క మాత్రం మీ సంతకం నుంచి మొదలైందని అవతలి వకీలు వాదిస్తాడు. సాయం చేద్దామని పెట్టిన సంతకం ఇంత దూరం తీసుకెళ్తుంది.

వెనక్కి పంపడం

గడప దగ్గర ఏ మాట చెప్తారన్నది ఇక్కడ చాలా ముఖ్యం. పోస్ట్‌మ్యాన్ కవరు మీద కారణం రాస్తాడు, ఆ కారణం పంపినవాళ్లకు చేరుతుంది. 'లెఫ్ట్' అంటే ఆ మనిషి ఇక్కడ ఉండేవాడు, వెళ్లిపోయాడు అని. 'నాట్ నోన్' అంటే ఆ పేరు గలవాళ్లు ఇక్కడెవరికీ తెలియదని. 'రెఫ్యూజ్డ్' అంటే తీసుకోనన్నారని. మూడిటికీ కవరు వెనక్కే పోతుంది, కానీ ఫలితాలు వేరు. లోన్ ఇచ్చిన బ్యాంకుకు 'నాట్ నోన్' అని వెళ్తే, కస్టమర్ దొంగ అడ్రసు ఇచ్చాడన్న అనుమానం వస్తుంది. 'రెఫ్యూజ్డ్' అయితే ఇంకా చేటు: సరైన అడ్రసుకు వచ్చిన నోటీసును తీసుకోనంటే అందినట్టే లెక్క అని కోర్టులు చూస్తాయి. అందుకే "మాకొద్దు, తీసుకపో" అనకండి. "అన్నా, వాళ్లు మార్చిలనే ఖాళీ చేసి పోయిన్రు, లెఫ్ట్ అని రాయి" అనండి. నిజంగా ఇంట్లోనే ఉన్న మనిషిని కాపాడటానికి ఇదే మాట వాడటం మాత్రం తప్పు. పోస్ట్‌మ్యాన్ రాత అబద్ధమైతే దాని భారం ఆయన మీద పడుతుంది.

సంతకం లేకుండా గేటు డబ్బాలో పడ్డ మామూలు ఉత్తరానికి మీరే రాయాలి. అడ్రసు మీద ఒక్క అడ్డగీత గీయండి, పేరు కనిపించనివ్వండి. పక్కన ఇంగ్లిషులో 'లెఫ్ట్' అని, తేదీ వేసి, మర్నాడు పోస్ట్‌మ్యాన్‌కు ఇవ్వండి. ఉత్తరం ముంబై నుంచి వచ్చి ఉండొచ్చు, అక్కడివాళ్లకు తెలుగు రాత అర్థం కాదు. బార్‌కోడ్ మీద గీతలు పెట్టకూడదు. యంత్రం చదవలేకపోతే కవరు ఎక్కడో ఆగిపోతుంది. వెనకవైపు 'అందకపోతే ఈ చిరునామాకు పంపండి' అని అచ్చేసిన భాగాన్ని అసలు ముట్టుకోవద్దు. పంపినవాళ్ల అడ్రసు ఎక్కడా లేని ఉత్తరం రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసుకు వెళ్తుంది. అక్కడ అధికారం ఉన్న ఉద్యోగులే విప్పి, లోపల అడ్రసు దొరుకుతుందేమో చూస్తారు.

కొరియర్ కవర్లను పోస్టు డబ్బాలో వేయకండి, పోస్టాఫీసుకు వాటితో సంబంధం లేదు. కొరియర్ బాయ్ ఎవరు కనబడితే వాళ్లకు ఇచ్చేసి పోతాడు కాబట్టి గేటు దగ్గరే పేరు చూసి వాపస్ ఇవ్వాలి. తర్వాత గమనిస్తే కవరు మీదున్న కొరియర్ ఆఫీసు నంబరుకు ఫోన్ చేసి తీసుకెళ్లమనాలి.

వెనక్కి పంపడంలో అసలు లాభం, పంపినవాళ్లకు అడ్రసు మారిందని తెలియడం. ఒకట్రెండు కవర్లు తిరిగొస్తే చాలా బ్యాంకులు కస్టమర్‌కు ఫోన్ చేస్తాయి, ఉత్తరాలు రావడం అక్కడితో తగ్గుతుంది. నష్టం కూడా ఉంది: తిరుగు ప్రయాణానికి రోజులు పడతాయి, ఇంటర్వ్యూ పిలుపు లాంటిదైతే తేదీ దాటిపోవచ్చు.

మళ్లించడం

కొత్త అడ్రసు కచ్చితంగా తెలిసి, ఉత్తరం మామూలుదై, విప్పకుండా ఉంటే ఇది మంచి దారి. పాత అడ్రసు కొట్టేసి, ఖాళీ జాగాలో కొత్తది రాసి పోస్ట్‌మ్యాన్‌కు ఇవ్వాలి. పొరపాటున విప్పి ఉంటే వేరే కవర్లో పెట్టి, 20 గ్రాముల లోపుకు 5 రూపాయల స్టాంపు అంటించి, కొత్త ఉత్తరంగానే పంపాలి.

ఎక్కువగా తప్పు పోయేది పిన్‌కోడ్ దగ్గరే. హన్మకొండ 506001, వరంగల్ 506002, కాజీపేట 506003, నిట్ 506004, కాకతీయ యూనివర్సిటీ 506009. ఊరు ఒకటే అనిపిస్తుంది గానీ ఉత్తరం పంచే ఆఫీసులు వేరు. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా పేరు హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లా అయింది. జిల్లా పేరు పాతది రాసినా పిన్ సరిగా ఉంటే ఉత్తరం చేరుతుంది. పిన్ తప్పితే జిల్లా పేరు ఎంత సరిగా రాసినా చుట్టూ తిరుగుతుంది. ఇంటి నంబర్లో 2-5-168 బదులు 2-5-186 పడ్డా అంతే.

మళ్లించడంలో లోపం ఒకటుంది: పంపినవాళ్లకు ఏమీ తెలియదు. వచ్చే నెల మళ్లీ మీ గడపకే వస్తుంది. అందుకే రెండు మూడు సార్లకు మించి చేయకండి. వెళ్లిపోయిన మనిషే తన పాత పోస్టాఫీసుకు, అంటే మీ వీధికి ఉత్తరాలు పంచే ఆఫీసుకు, కొత్త అడ్రసుకు మళ్లించమని రాసిచ్చుకోవడం సరైన పద్ధతి.

ఏటీఎం కార్డు ఉన్నట్టు చేతికి తగిలే కవర్లు, పాస్‌పోర్టు, లైసెన్సు, పాన్ కార్డు లాంటివి మాత్రం మళ్లించొద్దు, వెనక్కే పోనివ్వండి. పాస్‌పోర్టు తిరిగి సికింద్రాబాద్‌లోని ప్రాంతీయ కార్యాలయానికి చేరుతుంది, మనిషి అక్కడ విచారించి తీసుకోవచ్చు. దారిలో పోయిన కార్డు కన్నా వెనక్కి పోయిన కార్డు నయం.

దాచి ఇవ్వడం

ఆ మనిషి ఫోన్‌లో "రెండ్రోజుల్లో వచ్చి తీసుకుంట, ఉంచు అక్కా" అంటేనే ఇది పనికొస్తుంది. కవరు ముందువైపు ఫొటో తీసి వాట్సాప్ చేయండి, లోపలిది తీయొద్దు. వారం దాటితే వెనక్కి పంపేయండి. మాట్లాడుకోకుండా దాచిన కవరు ఎందుకు అన్నిటికన్నా చెడ్డదంటే, పంపినవాళ్లు అందిందనుకుంటారు, అందాల్సినవాళ్లు రాలేదనుకుంటారు. వెనక్కి పంపితే కనీసం ఒకరికి నిజం తెలుస్తుంది.

"ఫలానా ఆయన ఉత్తరాలు నాకియ్యమన్నడు" అంటూ వచ్చే మూడో మనిషికి ఇవ్వకండి. అసలు మనిషితో ఫోన్‌లో మాట్లాడాకే ఇవ్వండి. దుబాయి, మస్కట్ వెళ్లినవాళ్ల పేరుతో కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు వచ్చే ఉత్తరాల సంగతి వేరు. ఆ అడ్రసులో వాళ్ల ఇంట్లోవాళ్లే ఉంటారు కాబట్టి తీసుకుని, అదే రోజు ఫోన్ చేసి చెప్తే చాలు.

చింపి పారేయడం పేరు లేకుండా వచ్చిన ప్రకటన కాగితాలకే.

మా తీర్పు ఇది: సంతకం కవరు, కార్డు కవరు, నోటీసు అయితే వెనక్కి. అడ్రసు తెలిసినవాళ్ల మామూలు ఉత్తరమైతే మొదటి రెండు మూడుసార్లు మళ్లింపు, తర్వాత వెనక్కి. దాచడం ఫోన్ మాట ఉంటేనే.

కోర్టు నుంచి సమన్లు పట్టుకుని మనిషే వస్తే ఇదే నియమం. సివిల్ సమన్లు ఆ మనిషి లేనప్పుడు, కలిసి ఉండే పెద్దవయసు కుటుంబ సభ్యులకు ఇవ్వొచ్చు. ఇంటి ఓనర్ ఆ మనిషికి కుటుంబ సభ్యుడు కాడు. తీసుకోకండి, ఎప్పుడు ఖాళీ చేశారో చెప్పి, ఆ మాట రిపోర్టులో రాసుకోమని అడగండి. లేదంటే మీ తలుపుకే కాగితం అంటించి పోయే అవకాశం ఉంది.

ఇల్లు ఖాళీ చేసే రోజు కరెంటు మీటరు రీడింగు రాసుకునే కాగితం మీదే వెళ్లేవాళ్ల కొత్త అడ్రసు, పిన్‌కోడ్, ఫోన్ నంబరు రాయించుకోండి. బ్యాంకు, ఎల్‌ఐసీ, ఆధార్‌లో అడ్రసు మార్పించుకోమని, ఓటరు జాబితాలో అడ్రసు మార్పుకు ఫారం 8 పెట్టుకోమని అప్పుడే చెప్పండి.