రికో జీఆర్ 3, సోనీ ఆర్ఎక్స్100 మార్క్ 7: జేబులోకి ఏది?

ఫోన్ ఉండగా మళ్లీ కెమెరా కొనడానికి రెండే కారణాలు: పెద్ద సెన్సార్ (వెలుగును పట్టి ఫొటోగా మార్చే చిప్), అసలైన జూమ్. ఈ రెండూ కలిసి జేబులో పట్టవు కాబట్టి ఏదో ఒకటి వదులుకోవాలి. ఇవి రెండూ 2019లో వచ్చిన మోడళ్లే.

రికోలో చాలా డీఎస్ఎల్ఆర్‌లలో (లెన్స్ మార్చుకునే పెద్ద కెమెరాల్లో) ఉండే ఏపీఎస్-సీ అనే పెద్ద సెన్సార్ ఉంది, బరువు మాత్రం 257 గ్రాములే. జూమ్ లేదు, వెడల్పుగా చూపే 28 ఎంఎం ఒక్కటే (ఎంఎం పెరిగేకొద్దీ దూరంవి దగ్గరగా కనిపిస్తాయి). సాయంత్రం లాడ్ బజార్‌లో బల్బుల వెలుగు లక్క గాజుల రాళ్ల మీద మెరుస్తుంటుంది, అమ్మే మనిషి ముఖం సగం నీడలో ఉంటుంది. ఫోన్ ఆ నీడను కూడా వెలిగించి, గాజుకూ ముఖానికీ తేడా లేకుండా చేస్తుంది. రికో నీడను నీడగానే ఉంచుతుంది. స్నాప్ ఫోకస్‌లో దూరం ముందే 2 మీటర్లకు పెట్టుకుంటే, నొక్కగానే ఫొటో పడుతుంది. గల్లీల్లో ఇది ఎంత హాయో చెప్పలేను.

సోనీది ఒక అంగుళం రకం సెన్సార్, చిన్నది. కానీ 24 నుంచి 200 ఎంఎం జూమ్! నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ జనంలో ఇరుక్కుని, క్రేన్‌కు వేలాడే గణపతి ముఖాన్ని దగ్గరగా తీయాలంటే ఇదే కావాలి. ఎండలో స్క్రీన్ కనబడకపోతే వ్యూఫైండర్ పైకి లేస్తుంది, ఫ్లాష్ కూడా ఉంది. రికోలో ఆ రెండూ లేవు.

పిల్లల స్కూల్ ఫంక్షన్లు, టూర్లు ఉన్నవాళ్లకు సోనీ. నా ఓటు రికోకే. సెకండ్ హ్యాండ్ అయితే తెల్లగోడను ఎఫ్16లో, అంటే లెన్స్ రంధ్రం బాగా చిన్నది చేసి, తీసి పెద్దది చేసి చూడండి. మచ్చలు కనబడితే సెన్సార్ మీద దుమ్ము చేరినట్టే, లెన్స్ ఊడదు కాబట్టి ఇంట్లో తుడవలేం.